కాలనీ సైకిల్ గదిలో అందరూ వాడే పనిముట్లు పాడవకుండా కాపాడుకోవడం ఎలా?

ప్రశ్న: నార్సింగి సైకిల్ గది

నమస్కారం. మా అపార్టుమెంటు సముదాయం హైదరాబాదులో నార్సింగి దగ్గర, ఔటర్ రింగు రోడ్డుకు ఆనుకుని ఉంటుంది. 2023 అక్టోబరులో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మా వైపు తెరుచుకున్న తరువాత ఇక్కడ సైకిళ్ళు బాగా పెరిగాయి. కొందరం చందాలు వేసుకుని పనిముట్లు కొన్నాము. సంక్షేమ సంఘం వారు సెల్లారులో జనరేటర్ పక్కనున్న చిన్న గదిని ఇచ్చారు. ఆదివారం ఉదయం గది తెరుస్తాము. ఎవరి సైకిలు వారే బాగుచేసుకోవాలి, తెలియనివారికి తెలిసినవారు చూపించాలి, పనిముట్లు మాత్రం అందరివీ అన్నది మేము పెట్టుకున్న పద్ధతి. గేర్ల సైకిళ్ళ వారితో పాటు మా వాచ్‌మెన్లు, హౌస్‌కీపింగ్ సిబ్బంది కూడా తమ హీరో, హెర్క్యులిస్ సైకిళ్ళను తెచ్చుకుంటారు. ప్రతిరోజూ రోడ్డెక్కే సైకిళ్ళు వారివే కాబట్టి గదికి అసలైన పని వారివల్లనే ఉందని నా అభిప్రాయం.

ఇబ్బంది దొంగతనంతో కాదు. లెక్క చూసుకుంటే ఒకటి రెండు టైరు లివర్లు తప్ప అన్నీ ఉన్నాయి, కానీ ఉన్నవాటిలో సగం పనికి రావడం లేదు. 5 మి.మీ. అలెన్ కీ (ఆరు పలకల కడ్డీ) అంచులు గుండ్రంగా అరిగిపోయి బోల్టులో తిరుగుతోంది. 15 మి.మీ. కోను పానా, అంటే చక్రం ఇరుసు బేరింగును సరిచేసే పల్చటి పానా, నోరు విచ్చుకుంది. కేబుల్ కట్టరుతో బ్రేకు కేబులు కోస్తే తెగడానికి బదులు చీపురులా విచ్చుకుంటోంది. చైను లింకును విడదీసే చైను టూలు పిన్ను వంగింది. గాలి పంపు పిడి పైకీ కిందికీ ఆడుతుంది తప్ప గాలి దిగదు. వీటిలో ఏది ఎప్పుడు ఎవరి చేతిలో చెడిపోయిందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే చెడిన పనిముట్టును తెచ్చి మళ్ళీ అదే కొక్కేనికి తగిలించి వెళ్ళిపోతున్నారు.

సంఘం సమావేశంలో రెండు సూచనలు వచ్చాయి. అన్నిటినీ బీరువాలో పెట్టి తాళం వేసి, అడిగినవారికి ఒక్కొక్కటిగా ఇవ్వాలని కొందరు అన్నారు. ఏడాదికొకసారి చౌక సెట్టు కొని పాతది పారేస్తే సరిపోతుందని మరికొందరు అన్నారు. మొదటిదానితో గదికి రావడమే మానేస్తారు, రెండవది డబ్బు దండగ. ఇటువంటి గదినో, వర్క్‌షాపునో నడిపిన అనుభవం ఉన్నవారు ఎవరైనా పనిముట్లను పనికి వచ్చే స్థితిలో ఎలా నిలుపుకోవాలో, ఏవి మంచివి కొనాలో, ఏవి చౌకవైనా ఫరవాలేదో చెప్పగలరని కోరుతున్నాను.


జవాబు: ఫిట్టర్ మాస్టారు

నిర్వాహకుడు గారూ, ఐటీఐలో ఫిట్టరు ట్రేడు బోధించి పదవీ విరమణ చేసినవాడిని. మీ జాబితాను నిదానంగా చదివితే సగం జవాబు అందులోనే కనిపిస్తుంది. పంపును పక్కన పెడితే, వాడగా వాడగా అరిగి చెడిన పనిముట్టు అందులో ఒక్కటీ లేదు. దాదాపు అన్నీ తమది కాని పనికి పెట్టినందువల్ల చెడినవే. కాబట్టి తాళం వేయడం కన్నా ముందు, తప్పు పనికి ఆ పనిముట్టునే ఎందుకు తీసుకున్నారో ఆలోచించాలి.

కోను పానా సంగతి చూడండి. అది కోనుకూ లాక్‌నట్టుకూ మధ్య ఇరుకులో దూరాలి కనుక దానిని సుమారు 2 మి.మీ. మందంతో, పల్చగా చేస్తారు. హబ్బు బేరింగును సరిచేయడానికి అంతకు మించిన బలం అవసరం ఉండదు. పెడలు కొలత కూడా 15 మి.మీ.యే. పెడలును బిగించేటప్పుడే 35 నుంచి 40 న్యూటన్ మీటర్ల బలం పెడతారు, ఏళ్ళ తరబడి తీయకపోతే తుప్పు పట్టి ఇంకా బిగుసుకుంటుంది. బోర్డు మీద 15 అంకె ఉన్న పానా అదొక్కటే అయితే, వచ్చినవారు దానినే తీసి పెడలుకు వేస్తారు. మీ జాబితాలో పెడల్ పానా పేరే లేదు. బోర్డు మీద లేని పనిముట్టు పక్కనున్న పనిముట్టును చెడగొడుతుంది. ఒక పొడుగాటి పెడల్ పానా కొని కోను పానాల పైనే తగిలించండి. ఎడమ పెడలుకు మర తిరగవేసి ఉంటుందని, అంటే సవ్యదిశలో తిప్పితే ఊడుతుందని, దాని పక్కనే పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. తప్పు దిశలో ఒళ్ళంతా బరువు వేసి లాగడం వల్లనే సగం పానాలు నోరు తెరుస్తాయి.

కేబుల్ కట్టరుకు జరిగిందీ ఇదే. బ్రేకు కేబులు అంటే సన్నని తీగల పేట. దానిని చుట్టూ పట్టి ఒక్కసారిగా కత్తిరించేలా ఆ రెండు అంచులనూ తీర్చి ఉంచుతారు. స్పోకు మాత్రం 2 మి.మీ. మందం ఉన్న ఒంటి ఉక్కు తీగ. దానిని ఒక్కసారి ఆ కట్టరుతో కోసినా అంచులో చిన్న గాటు పడుతుంది, ఆ తరువాత ప్రతి కేబులు తీగా ఆ గాటులో ఇరుక్కుని విచ్చుకుంటుంది. దీనిని నూరి బాగుచేయడం సాధారణంగా కుదరదు, ఎందుకంటే రెండు అంచులూ ఒకదానికొకటి ఒరుసుకుంటూ కదిలితేనే కోత పడుతుంది. ఇది మాత్రం మంచిది కొనక తప్పదు. పక్కన స్పోకులకూ ప్లాస్టిక్ టైలకూ ఒక మామూలు నిప్పరు వేలాడదీస్తే కొత్త కట్టరు బతుకుతుంది.

అలెన్ కీని పారేయకండి. అరిగేది కొనలో మూడు నాలుగు మిల్లీమీటర్లే. అది గట్టిపరచిన ఉక్కు కనుక హాక్సా బ్లేడు దాని మీద జారుతుంది, గ్రైండింగు చక్రం మీదనే ఆ ముక్కను తీసేయాలి. కొద్దికొద్దిగా ఒరిపిస్తూ మధ్యమధ్య నీళ్ళలో ముంచాలి. ఉక్కు నీలిరంగుకు తిరిగిందంటే వేడెక్కి మెత్తబడిందని అర్థం, అప్పుడు ఆ నీలిరంగు భాగాన్ని కూడా తీసేయవలసి ఉంటుంది. కొన చదునుగా రావాలి, అంచుల్లో మిగిలిన పొరను ఆకురాయితో సుతారంగా తీయాలి. ఫిట్టరు ట్రేడులో చేరిన కుర్రవాడికి మొదట నేర్పేది ఆకురాయి పట్టడమే కాబట్టి దగ్గరలో ఐటీఐ ఉంటే ఈ పని అక్కడి విద్యార్థులకే అప్పగించవచ్చు.

ఇంకొక విషయం చాలామంది గమనించరు. బజారులో దొరికే చౌక అలెన్ సెట్లలో కొన్నిట్లో అంగుళాల కొలతల కీలు కూడా కలిసి ఉంటాయి. 3/16 అంగుళం అంటే 4.76 మి.మీ. అది 5 మి.మీ. బోల్టులో దూరుతుంది, కొంత పట్టు కూడా ఇస్తుంది, గట్టిగా తిప్పేసరికి బోల్టు అంచులను గుండ్రం చేసి జారుతుంది. అప్పుడు అందరూ కీ మంచిది కాదనుకుంటారు. మీ గదిలో అంగుళాల కీలు ఉంటే ఈ ఆదివారమే ఏరి బయట పెట్టండి.

పనిముట్లు ఇచ్చే పద్ధతికి వస్తే, పెద్ద వర్క్‌షాపుల టూల్ రూములలో ఇత్తడి బిళ్ళల పద్ధతి ఉంటుంది. ప్రతి పనివాడికీ తన నంబరు చెక్కిన కొన్ని బిళ్ళలు ఇస్తారు. పనిముట్టు తీసుకుని దాని కొక్కేనికి బిళ్ళ తగిలిస్తాడు, తిరిగి ఇచ్చేటప్పుడు టూల్ కీపరు పనిముట్టును చూసి బిళ్ళ వెనక్కు ఇస్తాడు. ఇక్కడ విలువైనది బిళ్ళ కాదు, తిరిగి తీసుకునేటప్పుడు ఒక మనిషి చూసే ఆ చూపు. మీ గదిలో లేనిది అదే.


జవాబు: రాజమండ్రి మెకానిక్

మాస్టారు గేర్ల సైకిళ్ళ సంగతి బాగా చెప్పారు. వాచ్‌మెన్ల సైకిళ్ళ గురించి నేను చెబుతాను, మా కొట్టులో ఇప్పటికీ ఎక్కువగా వచ్చేవి అవే.

ముందు పంపు సంగతి. గాలి దిగడం లేదంటే కొత్తది కొననవసరం లేదు. పంపు మూత మర విప్పి కడ్డీని పైకి లాగండి. కొనలో గిన్నె ఆకారంలో ఒక వాషరు ఉంటుంది. అది తోలుదయితే ఎండి, ముడుచుకుని, గొట్టం గోడకు అంటకుండా ఉంటుంది. అందువల్ల కిందికి నొక్కినప్పుడు గాలి ట్యూబులోకి పోకుండా వాషరు పక్కల నుంచి పైకి జారిపోతుంది. ఆ వాషరును విప్పి ఆముదంలోనో కొబ్బరినూనెలోనో రాత్రంతా నానబెట్టాలి. ఉదయానికి అది మెత్తబడుతుంది. అప్పుడు బొటనవేళ్ళతో దాని అంచును చుట్టూ కొద్దిగా బయటికి వెడల్పు చేసి, గిన్నె నోరు కిందివైపుకు ఉండేలా మళ్ళీ బిగించాలి. గొట్టంలోకి దించేటప్పుడు అంచు మడత పడకుండా కడ్డీని తిప్పుతూ దించాలి. వేసిన తరువాత గొట్టం నోటిని వేలితో మూసి పిడిని నొక్కితే అది స్ప్రింగులా వెనక్కు తన్నాలి. అలా తన్నకపోతే వాషరు ఇంకా గోడకు అంటలేదు. వాషరు రబ్బరుదయితే మాత్రం ఇంజను ఆయిలు, గ్రీజు తగలనివ్వకండి, మామూలు రబ్బరు ఆ నూనెకు ఉబ్బిపోతుంది. దానికి సిలికాన్ గ్రీజు వాడాలి. గదిలో అందరికంటే ఎక్కువ చాకిరీ చేసేది పంపే కాబట్టి, అదనంగా రెండు వాషర్లు, గొట్టం కొనలోని రబ్బరు ఒకటి ఎప్పుడూ డబ్బాలో ఉంచుకోవాలి. పాత సైకిల్ స్పేరుపార్టుల కొట్లలో ఇవి తక్కువ ధరకే దొరుకుతాయి.

చైను టూలు ఎందుకు వంగిందో నేను ఊహించగలను. మామూలు సైకిలు చైను వెడల్పు 1/8 అంగుళం, గేర్ల చైను అంతకంటే సన్నం. సన్నని చైనుకు చేసిన టూలులో లావు చైనును బలవంతంగా ఇరికిస్తే అది గాడిలో సరిగ్గా కూర్చోదు, పిన్ను వాలుగా వెళ్ళి వంగుతుంది. అసలు మామూలు సైకిలు చైనుకు ఆ టూలుతో పనే లేదు. దానిలో ఒక క్లిప్పు లింకు ఉంటుంది, పటకారుతో క్లిప్పును పక్కకు తోస్తే చైను విడిపోతుంది. తిరిగి వేసేటప్పుడు క్లిప్పు మూసి ఉన్న వైపు చైను పరుగెత్తే దిక్కుకు ఉండాలి, లేకపోతే దారిలో ఊడిపోవచ్చు. చైను టూలు పక్కన "క్లిప్పు ఉన్న చైనుకు ఇది వాడవద్దు" అని ఒక చీటీ అంటిస్తే చాలు. మంచి టూలులో పిన్ను విడిగా మార్చుకోవచ్చు, టూలు మొత్తం కొనే పని ఉండదు.

పాత సైకిళ్ళలో క్రాంకును, అంటే పెడలు ఉండే చేతిని, ఇరుసుకు బిగించే కాటరు పిన్నుల వల్ల సుత్తులు, పానాలు ఎక్కువగా చెడతాయి. పిన్ను తీసేవాడు నట్టును పూర్తిగా విప్పేసి, పిన్ను కొన మీద సుత్తితో బాదుతాడు. దానితో మర చదునైపోయి పిన్ను రంధ్రంలో ఇరుక్కుంటుంది. అప్పుడు చేతికి దొరికిన స్క్రూడ్రైవరును ఉలిలా పెట్టి బాదుతాడు, స్క్రూడ్రైవరు కూడా పోతుంది. నట్టును పిన్ను కొనకు సమంగా వచ్చేదాకా మాత్రమే వదులు చేసి, క్రాంకు కింద బరువైన ఇనుప గొట్టాన్ని నేలకు ఆనేలా నిలబెట్టి, ఒక్క గట్టి దెబ్బ వేయాలి. కింద ఆసరా లేకపోతే దెబ్బ అంతా బేరింగులకు పోతుంది, పిన్ను కదలదు. అందుకే మీ గదిలో ఒక మొరటు పనుల పెట్టె పెట్టండి. అందులో బరువైన సుత్తి, ఒక పంచు, రెండు పాత స్క్రూడ్రైవర్లు, ఆసరా గొట్టం ఉండాలి. కొట్టవలసిన పని ఉన్నవారు అందులోవే తీసుకోవాలి. అవి చౌకవైనా, నలిగినా ఫరవాలేదు. బోర్డు మీద మంచి స్క్రూడ్రైవర్లే తప్ప వేరేవి లేకపోతే కొట్టేవారు వాటినే కొడతారు.

పానా పిడికి గొట్టం దూర్చి బారు పెంచే అలవాటును మాత్రం మొదటి రోజు నుంచే కట్టడి చేయండి. అది మంచి పానాను కూడా మిగల్చదు.


జవాబు: డ్రెస్డెన్ విద్యార్థి

నిర్వాహకుడు గారూ, నేను జర్మనీలో చదువుకుంటూ సాయంత్రాలు విద్యార్థులు నడిపే ఒక స్వయంసహాయ సైకిల్ వర్క్‌షాపులో సాయం చేస్తుంటాను. ఇక్కడ చాలా విశ్వవిద్యాలయాలలో ఇటువంటివి ఉన్నాయి. మీ పద్ధతే ఇక్కడ కూడా: సైకిలు ఎవరిది వారే బాగుచేసుకోవాలి, పనిముట్లు, సలహా వర్క్‌షాపువి.

మాస్టారు చెప్పిన బిళ్ళల పద్ధతి పెద్ద కర్మాగారానికి సరిపోతుంది కానీ, ఒక్క గదికి అది బరువని నాకు అనిపిస్తుంది. చేతులకు గ్రీజు అంటినవారు ఒక్కొక్క పానాకు ఒక్కొక్క బిళ్ళ తగిలించరు, రెండు వారాలలో బిళ్ళలు కూడా పోతాయి. మేము లోపలికి వచ్చేటప్పుడు విద్యార్థి కార్డు తీసుకుని ఒక స్టాండు అప్పగిస్తాము. ఆ స్టాండు వెనకనే దాని బోర్డు ఉంటుంది, రోజూ కావలసిన పనిముట్లు అన్నీ ఆ బోర్డు మీద ఉంటాయి, వాటి పిడులకు ఆ స్టాండు రంగు టేపు చుట్టి ఉంటుంది. వెళ్ళేటప్పుడు బోర్డు నిండితేనే కార్డు తిరిగి ఇస్తాము. ప్రతి పనిముట్టు ఆకారాన్నీ బోర్డు మీద రంగుతో గీసి ఉంచడం వల్ల ఏది లేదో లెక్కపెట్టకుండానే ఒక్క చూపులో తెలుస్తుంది. అరుదుగా వాడేవీ, ఖరీదైనవీ, అంటే వెనక పళ్ళ చక్రాన్ని విప్పే ఫ్రీవీల్ రిమూవర్లు, క్రాంకును ఇరుసు నుంచి లాగి తీసే క్రాంకు పుల్లరు, హ్యాండిలు బేరింగులకు వాడే హెడ్‌సెట్టు పనిముట్లు వంటివి, బల్ల వెనక సొరుగులో ఉంటాయి. అవి అడిగి తీసుకోవాలి, అడిగినప్పుడు ఏ పనికో చెప్పాలి. తాళం వేయాలన్న మీ సంఘంవారి మాటకు ఇంతవరకు మాత్రం నేను ఒప్పుకుంటాను.

మీ ప్రశ్నలో నన్ను ఎక్కువగా ఆపినది చెడిన పనిముట్టును మళ్ళీ కొక్కేనికే తగిలించడం. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో అలా చేయరు. చెడిపోయిందని చెబితే డబ్బు కట్టమంటారనో, తప్పు తమదంటారనో భయపడతారు. మా దగ్గర గుమ్మం పక్కన ఒక ఎర్రడబ్బా ఉంటుంది. చెడిందనిపించిన పనిముట్టును అందులో వేయాలి, ఎవరు వేశారని అడగరు, వేసినందుకు డబ్బు అడగరు. ఒక చీటీ మీద ఏమైందో ఒక్క ముక్క రాసి దానికి కట్టాలి, పేరు రాయనవసరం లేదు. నెలకు ఒక సాయంత్రం సైకిళ్ళకు తలుపు మూసి, సాయం చేసేవాళ్ళమంతా ఆ డబ్బాను బల్ల మీద బోర్లించి పనిముట్ల పనే చేస్తాము. మొదట్లో సైకిళ్ళు పక్కన పెట్టి పానాలు తుడవడమేమిటని నాకు విసుగనిపించేది. ఆ సాయంత్రం ఎగ్గొట్టిన నెలలో పని ఎంత నెమ్మదిస్తుందో చూశాక విసుగు పోయింది.


నిర్వాహకుడి మాట: నార్సింగి సైకిల్ గది

అందరికీ ధన్యవాదాలు. మాస్టారూ, మీరు ఊహించింది నిజమే, మా బోర్డు మీద పెడల్ పానా లేదు. కొన్న సెట్టులో రాలేదని ఎవరూ గమనించలేదు. అంగుళాల కీలు కూడా కొన్ని దొరికాయి, అవతల పెట్టాను. ఎర్రడబ్బా ఆలోచన కమిటీవారికి కూడా నచ్చింది.

ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. కార్బన్ ఫ్రేము సైకిలు ఉన్న ఒకరు టార్క్ రెంచి ఇస్తామంటున్నారు, దానిని బోర్డు మీద పెట్టవచ్చా? రెండవది, సెల్లారు కావడం వల్ల జూన్ నుంచి సెప్టెంబరు దాకా గోడలు చెమర్చుతాయి, పనిముట్లకు ఎర్రటి పొర పడుతుంది. ప్రస్తుతం ఒక బకెట్టులో కిరసనాయిలు పోసి ఉంచి, గది మూసే ముందు అన్నీ అందులో ముంచి తుడుస్తున్నాము. ఇది సరైన పద్ధతేనా?


జవాబు: విశాఖ మెయింటెనెన్స్

సార్, రెండవదానికి ముందు జవాబిస్తాను, ఎందుకంటే అది పనిముట్ల కంటే పెద్ద విషయం. మీ గది జనరేటరు పక్కన ఉందని మొదట్లోనే రాశారు. మూత లేని కిరసనాయిలు బకెట్టునూ, దానితో తడిసిన గుడ్డలనూ గాలి ఆడని సెల్లారులో, జనరేటరు పక్కన ఉంచకూడదు. ఆ బకెట్టును ఈరోజే తీసేయండి. కడగవలసినవి ఉంటే ఆరుబయట కొద్దిగా కిరసనాయిలుతో కడిగి, గుడ్డలను మూత ఉన్న రేకు డబ్బాలో వేసి, అదే రోజు బయటికి పంపేయండి.

తుప్పుకు కిరసనాయిలు సరైన మందు కూడా కాదు. అది మురికిని కరిగిస్తుంది, తరువాత ఆరిపోతుంది. ఆరిన తరువాత ఉక్కు మీద కాపాడే పొర దాదాపు ఏమీ మిగలదు. నేను సముద్రపు గాలిలో పనిచేసే వర్క్‌షాపులో ఉంటాను కాబట్టి, తుప్పుతో మాకు రోజూ పనే. పనిముట్టుకు అసలు శత్రువు చేతి చెమట, అందులోని ఉప్పు. ఆదివారం మధ్యాహ్నం చెమట చేతితో తగిలించిన పానా మీద వచ్చే ఆదివారానికి వేళ్ళ గుర్తులు ఎర్రగా కనిపిస్తాయి. కుట్టుమిషను నూనె నాలుగు చుక్కలు వేసిన పొడిగుడ్డతో తగిలించే ముందు ఒకసారి తుడిస్తే చాలు, నూనె కారేలా ఉండకూడదు. పిడి జారితే ప్రమాదం, పైగా నూనె దుమ్మును పట్టుకుంటుంది. మూత పెట్టెలో తడిగుడ్డతో పాటు పనిముట్లను పెట్టి మూయడం కన్నా బోర్డు మీద గాలికి వదిలేయడమే మేలు. బోర్డును చెమర్చే గోడకు నేరుగా ఆనించకుండా, వెనక రెండు చెక్క బద్దీలు కొట్టి కొంచెం ఎడంగా నిలబెట్టండి. వర్నియరు, చైను ఎంత సాగిందో చూసే చైను గేజి వంటి కొలత పనిముట్లను మాత్రం సిలికా జెల్ పొట్లాలు వేసిన బిగుతు డబ్బాలో పెట్టాలి.

చైను గేజి లేకపోయినా ఒక మంచి ఉక్కు స్కేలు ఉంటే పని జరుగుతుంది. చైను పిన్నుకూ పిన్నుకూ మధ్య అర అంగుళం ఉంటుంది కనుక, ఒక పిన్నును సున్నాగా పెట్టుకుని అక్కడి నుంచి లెక్కపెడితే 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గర పడాలి. అది 1/16 అంగుళం అవతల పడితే గేర్ల చైను మార్చే సమయం వచ్చినట్టే. 1/8 అంగుళం దాటితే పళ్ళ చక్రాలు కూడా అరిగి ఉంటాయి. ఆ స్కేలును మాత్రం ఎవరూ డబ్బా మూత లేపడానికి వాడకుండా చూడండి.

టార్క్ రెంచిని బోర్డు మీద పెట్టవద్దు. అది బిగించడానికి కాదు, ఎంత బిగించామో కొలవడానికి. క్లిక్కుమనే రకమైతే లోపల స్ప్రింగు ఉంటుంది. పని అయిన వెంటనే దానిని కింది అంకెకు తిప్పి వదలాలి, లేకపోతే స్ప్రింగు నొక్కుకుపోయి కొలత తప్పుతుంది. ఆ అంకె కంటే కిందికి మాత్రం తిప్పకూడదు. దానితో బోల్టులు విప్పకూడదు, కిందపడితే మళ్ళీ పరీక్షించేదాకా నమ్మకూడదు. ఐఎస్ఓ 6789 ప్రమాణం ప్రకారం, తయారీదారు వేరే గడువు చెప్పకపోతే, ఏడాదికి లేదా 5,000 సార్లు వాడకానికి, ఏది ముందు వస్తే అప్పుడు, దానిని సరిచూడాలి. మీ గదిలో 5,000 సార్లు అన్నది జరిగేపని కాదు కానీ ఏడాది లెక్క వర్తిస్తుంది. కార్బన్ సైకిలు స్టెము (హ్యాండిలును పట్టి ఉంచే భాగం) బోల్టుల మీద చాలావాటికి 5 న్యూటన్ మీటర్లు అని రాసి ఉంటుంది. కొలత తప్పిన రెంచిని నమ్మి ఆ బోల్టు బిగించడం కంటే చేతి అంచనాతో బిగించడమే నయమని నేను అంటాను. ఇచ్చేవారి దగ్గరనే రెంచిని ఉంచి, కావలసినప్పుడు వారినే గదికి రమ్మనడం అన్నిటికంటే మంచి ఏర్పాటు.


జవాబు: ఫిట్టర్ మాస్టారు

డ్రెస్డెన్ బాబు బిళ్ళల మీద చెప్పిన అభ్యంతరం ఒప్పుకోదగినదే. గీతలు గీసిన బోర్డు, గుర్తింపు కార్డు మీ గదికి చాలు. అయితే కార్డు తిరిగి ఇచ్చేటప్పుడు బోర్డు నిండిందా అని మాత్రమే చూడడం సరిపోదు. కొక్కేలన్నీ నిండి ఉండగానే మీ పనిముట్లు చెడిపోయాయి కదా. ఆదివారానికి ఒకరు వంతు వేసుకుని, మూసే ముందు ఐదారు పనిముట్లను చేతిలోకి తీసుకుని చూడాలి. అన్నిటినీ ప్రతి వారం చూడనవసరం లేదు. 4, 5, 6 మి.మీ. అలెన్ కీల కొనలు, కోను పానాల నోళ్ళు, కేబుల్ కట్టరు అంచు, చైను టూలు పిన్ను, పంపు తన్ను, ఇవి చాలు. కట్టరును ఒక పనికిరాని కేబులు ముక్క మీద పరీక్షించాలి. కోత చివర తీగలన్నీ కలిసి ఉంటే అది బాగుందని, ఒక్క తీగ అయినా పక్కకు లేస్తే గాటు పడిందని అర్థం. వంతు వేసుకునేవారికి పని బాగా తెలిసి ఉండాలన్న నియమం పెట్టకండి. ఈ చూపు నేర్చుకున్నవాడు పని కూడా త్వరగా నేర్చుకుంటాడని నా అనుభవం.

డబ్బు విషయంలో, బోర్డు మీద పనిముట్లలో కట్టరు, అలెన్ కీలు, కోను పానాలు, పెడల్ పానా, చైను టూలు మంచివి కొనండి. టైరు లివర్లు, స్క్రూడ్రైవర్లు, సుత్తి చౌకవైనా నష్టం లేదు. ఏటా సెట్టు కొందామన్నవారికి ఒక్క మాట చెప్పండి: చౌక అలెన్ కీ మెత్తటి ఉక్కుతో చేసినదైతే అది అరిగిపోవడంతో సరిపెట్టుకోదు, సైకిలు బోల్టును కూడా పాడుచేస్తుంది, ఆ బోల్టు ఖర్చు సైకిలు యజమాని మీద పడుతుంది.


జవాబు: రాజమండ్రి మెకానిక్

మాస్టారి మాటకు ఒకటి కలుపుతాను. క్రాంకు పుల్లరును సొరుగులో ఉంచాలన్న ఆ విద్యార్థి మాట తప్పక పాటించండి. మిగతా పనిముట్లు చెడితే అవి చెడతాయి, ఇది తప్పుగా వాడితే సైకిలు చెడుతుంది. గేర్ల సైకిలు క్రాంకు అల్యూమినియంది, పుల్లరు ఉక్కుది. పుల్లరు మరను క్రాంకులోకి రెండు మూడు చుట్లు మాత్రమే ఎక్కించి మధ్య బోల్టును తిప్పితే, క్రాంకు కదలకుండా దాని మర మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఆ తరువాత ఆ క్రాంకును మామూలుగా తీసే దారి ఉండదు.

ఇచ్చేటప్పుడు మూడు సంగతులు చూపించి ఇవ్వండి. క్రాంకు బోల్టుతో పాటు దాని కింద వాషరు కూడా బయటికి వచ్చిందో లేదో టార్చి వేసి చూడాలి. చాలాసార్లు గ్రీజులో అంటుకుని లోపలే ఉండిపోతుంది, అప్పుడు పుల్లరు పూర్తిగా దిగదు. పుల్లరు మధ్య బోల్టును మొదట వెనక్కు పూర్తిగా తిప్పి ఉంచాలి. ఆపైన బయటి మరను వేళ్ళతోనే, ఏ పానా పట్టకుండా, అడుగు దాకా ఎక్కించాలి. వేళ్ళతో ఎక్కకపోతే మర అడ్డంగా పడుతోందని లెక్క, వెనక్కు తీసి క్రాంకు లోపలి మురికిని పాత టూత్‌బ్రష్షుతో తుడిచి మళ్ళీ మొదలుపెట్టాలి. పాత కాటరు పిన్ను సైకిలుకు ఈ పుల్లరు పనికిరాదని కూడా అడిగేవారికి అక్కడే చెప్పి, మొరటు పెట్టెలోని సుత్తి, ఆసరా గొట్టం చేతికి ఇవ్వండి.